660 హార్స్‌పవర్ కమారోకి మెత్తటి క్లచ్ ఎంపిక: ఒక కేస్ స్టడీ

కారు షెవర్లే కమారో ఎస్ఎస్, 2013 మోడల్, ఆరు గేర్ల మాన్యువల్. ఇందులోని 6.2 లీటర్ల ఎల్ఎస్3 ఇంజిన్ కంపెనీ నుంచి 426 హార్స్‌పవర్, సుమారు 570 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం)తో వస్తుంది. యజమాని దానికి సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పంపు) పెట్టించారు. నా దగ్గరికి వచ్చేసరికి డైనో (కారు బలాన్ని కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర 560 హార్స్‌పవర్, 760 న్యూటన్ మీటర్లు చూపిస్తోంది. గేర్‌బాక్స్, యాక్సిల్‌లో పోయేది 15 శాతం అనుకుంటే ఇంజిన్ దగ్గర సుమారు 660 హార్స్‌పవర్, 890 న్యూటన్ మీటర్లు.

సూపర్‌ఛార్జర్ పెట్టిన కొద్ది రోజులకే కంపెనీ క్లచ్ జారడం మొదలైంది. ఇంకో వర్క్‌షాప్‌లో దాన్ని తీసేసి, ఆరు ప్యాడ్ల సెరామిక్ సింగిల్ ప్లేట్, దాన్ని ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) మీద నొక్కి పట్టే గట్టి ప్రెజర్ ప్లేట్ వేశారు. జారడం పూర్తిగా ఆగిపోయింది. కానీ ఆయన కారు బయటికి తీయడం తగ్గించేశారు. "సిగ్నల్ దగ్గర ఆగాలంటేనే టెన్షన్ అండి. కదిలేటప్పుడు కారంతా ఊగిపోతుంది, లేకపోతే ఆగిపోతుంది. మా ఆవిడ అయితే ఒక్కసారి నడిపి తాళాలు నా చేతిలో పెట్టేసింది" అన్నారు. ఆయన అడిగింది రెండే. ఫుల్ థ్రాటిల్‌లో జారకూడదు. ట్రాఫిక్‌లో కంపెనీ కారులా కదలాలి.

ఈ రెండూ ఒకచోట కుదరవని చాలామంది మెకానిక్‌లు చెబుతారు. కుదురుతాయి. పట్టు ఎక్కడి నుంచి తెస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

నడిపి చూస్తే

మొదటి గేరులో పెడల్ వదులుతుంటే చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక చిన్న కదలికలో, పాదం దాన్ని పసిగట్టేలోపే, ప్లేట్ మొత్తం పట్టేస్తుంది. అది పట్టే ముందు ఒక వణుకు. లోపలి అద్దంలో వెనక కారు రెండుగా కనిపించేంత వణుకు. థ్రాటిల్ కాస్త ఎక్కువిస్తే వణుకు తగ్గి కుదుపు పెరుగుతుంది. రివర్స్‌లో ఇంకా ఘోరం. వేగం అందుకున్నాక మాత్రం క్లచ్‌లో ఏ లోపమూ లేదు.

వణుకు అనగానే నేను ముందు ఆయిల్ కోసం చూస్తాను. రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక ఆయిల్ బయటికి రాకుండా ఆపేది) లీకై ఒక్క చుక్క ప్లేట్ మీద పడినా ఇదే లక్షణం వస్తుంది. గేర్‌బాక్స్ దించాం. సీల్ పొడిగా ఉంది. ప్లేట్ మీద తడి లేదు. ఫ్లైవీల్ మీద మాత్రం నీలం రంగు మచ్చలు వరుసగా కనిపించాయి, ఒక్కో మచ్చ దాదాపు ఒక ప్యాడ్ వెడల్పు. అక్కడ లోహం బాగా వేడెక్కి గట్టిపడింది. అలాంటి చోట రాపిడి గుణకం పక్క చోటి కంటే వేరుగా ఉంటుంది. ప్లేట్ తిరుగుతున్నప్పుడు పట్టు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతూ పోతుంది. ఇంజిన్ మౌంట్లూ డ్రైవ్ షాఫ్టూ ఆ తేడాకు ఊగుతాయి.

మచ్చలు పోవాలంటే ఫ్లైవీల్ ముఖాన్ని పలచగా చెక్కిస్తే సరిపోతుంది. కానీ అదే మెటీరియల్ మళ్లీ వేస్తే మచ్చలు మళ్లీ వస్తాయి. సెరామిక్ ప్యాడ్లకు కదలకుండా ఉన్నప్పటి పట్టుకూ, జారుతున్నప్పటి పట్టుకూ తేడా ఎక్కువ. జారుడు వేగం తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది. అందుకే సరిగ్గా కలిసే ఆఖరి క్షణంలో పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం జరుగుతుంది. ఆర్గానిక్ లైనింగ్ (నారలు, రెసిన్ కలిపి చేసిన రాపిడి పొర)లో ఆ తేడా చిన్నది, కాబట్టి అది మెల్లగా ఒప్పుకుంటుంది.

ఇంకో విషయం చాలామంది చూడరు. మామూలు ఆర్గానిక్ ప్లేట్‌లో రెండు లైనింగుల మధ్య అల వంపులతో పలచటి ఉక్కు రేకులు ఉంటాయి. వాటిని మార్సెల్ స్ప్రింగ్ అంటారు. మొత్తం నొక్కుడు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. కానీ పెడల్ దగ్గరికి వచ్చేసరికి అదే మనకు దొరికే "హాఫ్ క్లచ్". ప్యాడ్ల ప్లేట్‌లో చాలావరకు ఆ రేకులు ఉండవు. ఇనుప పలక మీద నేరుగా ప్యాడ్లు రివెట్ చేసి ఉంటాయి. ఈ కారులో తీసిన ప్లేట్ అలాంటిదే. దాన్ని ఎంత నేర్పుగా నడిపినా మెత్తదనం రాదు, ఎందుకంటే మెత్తదనం ఇచ్చే భాగమే అందులో లేదు.

హార్స్‌పవర్ కాదు, టార్క్

క్లచ్ డబ్బాల మీద "700 హార్స్‌పవర్ వరకు" అని రాసి ఉంటుంది. ఆ అంకెతో నాకు పని లేదు. 6,500 ఆర్‌పీఎం దగ్గర 600 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్‌కు అక్కడ టార్క్ సుమారు 657 న్యూటన్ మీటర్లు. అదే 600 హార్స్‌పవర్ 4,000 ఆర్‌పీఎం దగ్గర వస్తే టార్క్ 1,068. క్లచ్ మోయాల్సింది ఆ టార్క్‌నే. క్లచ్ కిట్లకు పెట్టే స్టేజ్ 1, స్టేజ్ 3 అన్న పేర్లకు కూడా అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2 ఇంకో కంపెనీ స్టేజ్ 4 కంటే ఎక్కువ పట్టవచ్చు.

ఆయన ట్యూనర్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు చేసేవారు) దగ్గర పాత కంపెనీ క్లచ్ ఉన్నప్పటి లాగ్ (కారు వేగం, ఇంజిన్ వేగం నమోదైన రికార్డు) దొరికింది. అది చాలా ఉపయోగపడింది. నాలుగో గేరు నిష్పత్తి 1.00, యాక్సిల్ 3.45, వెనక టైరు 275/40 ఆర్20. ఆ లెక్కన నాలుగో గేరులో 100 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ సుమారు 2,500 ఆర్‌పీఎం తిరగాలి, 150కి సుమారు 3,770. లాగ్‌లో 150 దగ్గర 4,300 ఉంది. ఆ తేడా అంతా క్లచ్ జారుడే. జారడం ఎక్కడ మొదలైందో చూసి, ఆ ఆర్‌పీఎం దగ్గర డైనో గ్రాఫ్‌లో టార్క్ ఎంతుందో చదివితే పాత క్లచ్ అసలు పట్టు ఎంతో తెలిసిపోతుంది. కంపెనీ క్లచ్ మరీ బలహీనమేమీ కాదు, మధ్య ఆర్‌పీఎంలో సూపర్‌ఛార్జర్ తెచ్చే టార్క్ గుట్టను మోయలేకపోయింది.

ఇక ఎంత పట్టు కావాలి? 890కి 20 శాతం కలిపి 1,070 న్యూటన్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నాను. ఆయన "ఎలాగూ మారుస్తున్నాం కదా, 1,600 పట్టేది వేసేద్దాం" అన్నారు. వద్దన్నాను. కారణం ఇది. డ్రైవరుతో కలిపి సుమారు 1,800 కిలోల ఈ కారును మొదటి గేరులో నెమ్మదిగా కదిలించడానికి క్లచ్ దగ్గర కావాల్సిన టార్క్ దాదాపు 100 న్యూటన్ మీటర్లే. అంటే 1,070 పట్టే క్లచ్‌లో కూడా ట్రాఫిక్ మొత్తం దాని పట్టులో పదో వంతులోపే నడుస్తుంది. 1,600 పట్టేది వేస్తే ఆ భాగం పదహారో వంతుకు కుంచించుకుపోతుంది. పాదానికి దొరికే చోటు అంత చిన్నదైపోతుంది. అవసరానికి మించిన పట్టుకు మూల్యం ప్రతి సిగ్నల్ దగ్గరా చెల్లించాలి.

పట్టు తెచ్చుకునే దారులు

క్లచ్ పట్టును నిర్ణయించేవి నాలుగు: మెటీరియల్ రాపిడి గుణకం, ప్రెజర్ ప్లేట్ నొక్కే బలం, లైనింగ్ సగటు వ్యాసార్ధం, రాపిడి ముఖాల సంఖ్య. నాలుగూ గుణిస్తే టార్క్ వస్తుంది. వ్యాసార్ధం పెంచడానికి బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప)లో చోటు లేదు. మిగిలినవి మూడు. ముందు వర్క్‌షాప్ వాళ్లు మొదటిదాన్నీ రెండోదాన్నీ పెంచారు.

ఆర్గానిక్‌నే ఉంచి, నొక్కే బలం ఒక్కటే పెంచితే? బయటి వ్యాసం 290, లోపలిది 190 మిల్లీమీటర్లు ఉన్న సింగిల్ ప్లేట్ తీసుకుందాం. సగటు వ్యాసార్ధం 120 మిల్లీమీటర్లు, గుణకం 0.30, ముఖాలు 2. 1,070 న్యూటన్ మీటర్లు రావాలంటే నొక్కే బలం సుమారు 14,900 న్యూటన్లు ఉండాలి, అంటే దాదాపు 1,500 కిలోల బరువుతో సమానం. రోడ్డు కారుకు ఇది చాలా ఎక్కువ. ఎడమ కాలు అలసిపోవడం ఒక బాధ. పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ నుంచి వచ్చే తోపుడు నేరుగా క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది) మీద పడుతుంది. ఈ ఇంజిన్లలో ఆ బేరింగ్ మూడో మెయిన్ దగ్గర, ఇంజిన్ లోపల ఉంటుంది. పెడల్ నొక్కి సిగ్నల్ దగ్గర కూర్చునే ప్రతిసారీ అది అరుగుతుంది. క్లచ్ కోసం ఇంజిన్ విప్పే పరిస్థితి ఎవరూ కొనితెచ్చుకోకూడదు.

ఇప్పుడు ముఖాల సంఖ్య పెంచుదాం. రెండు ప్లేట్లు, మధ్యలో ఒక ఫ్లోటర్ ప్లేట్ (వాటిని వేరుచేసే లోహపు పలక). ముఖాలు 4. వ్యాసం చిన్నదే, బయట 250, లోపల 165. సగటు వ్యాసార్ధం 104 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అదే ఆర్గానిక్, అదే 0.30. అదే 1,070 కోసం కావాల్సిన బలం సుమారు 8,600 న్యూటన్లే, సింగిల్ ప్లేట్‌కు కావాల్సిన దానిలో 58 శాతం. పైగా మొత్తం రాపిడి వైశాల్యం దాదాపు 750 చదరపు సెంటీమీటర్ల నుంచి 1,100కి పెరుగుతుంది. మెటీరియల్ మెత్తగానే ఉంది, బలం తగ్గింది, పట్టు వచ్చింది. 638 హార్స్‌పవర్‌తో 2009లో వచ్చిన కార్వెట్ జెడ్ఆర్1కు కంపెనీయే రెండు ప్లేట్ల క్లచ్ ఇవ్వడం ఊరికే కాదు.

ఒకవైపు ఆర్గానిక్, ఇంకోవైపు సెరామిక్ ఉండే సింగిల్ ప్లేట్ కూడా ఆలోచించాను. చవక, పని సులువు. కానీ పట్టే క్షణంలో సెరామిక్ ముఖమే పెత్తనం చేస్తుంది. ఈ యజమానికి అది సగం పరిష్కారమే. కార్బన్ క్లచ్ వేడిలో అద్భుతంగా పనిచేస్తుంది, ఇక్కడ ఆ ఖర్చు అనవసరం. కెవ్లర్ మెత్తగా పట్టుకుంటుంది, చాలాకాలం మన్నుతుంది, కానీ ఒక్కసారి బాగా మాడితే ముఖం గాజులా నునుపెక్కి కోలుకోవడం కష్టం. అప్పుడప్పుడూ గట్టిగా తోలే కారుకు నేను వేయను.

చివరికి ఎంచుకున్నది 250 మిల్లీమీటర్ల ఆర్గానిక్ ట్విన్ ప్లేట్ కిట్. స్ప్రింగులున్న హబ్, ఉక్కు ఫ్లైవీల్, ఫ్లోటర్ ప్లేట్‌ను పట్టీలతో కట్టిన డిజైన్. ఈ చివరిది రోడ్డు కారుకు తప్పనిసరి అంటాను. పట్టీలు లేని ఫ్లోటర్ పెడల్ నొక్కినప్పుడల్లా పిన్నుల మీద గలగలమంటుంది, పైగా రెండు ప్లేట్ల మధ్య సమంగా విడిపోదు. అల్యూమినియం ఫ్లైవీల్ కావాలా అని కిట్ అమ్మేవాళ్లు అడిగారు. తిరిగే బరువు తగ్గితే ఇంజిన్ చురుగ్గా ఉంటుంది, కానీ కదిలేటప్పుడు ఆదుకునే నిల్వ శక్తి కూడా అంతే తగ్గుతుంది. మెత్తగా కదలాలని వచ్చిన కారుకు ఉక్కే సరైనది.

ఒక మాట ఆయనకు ముందే చెప్పాను. ఈ కారులో కంపెనీ ఇచ్చేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. అది ఇంజిన్ కొట్టుకునే చిన్న చిన్న కుదుపులను గేర్‌బాక్స్‌కు చేరకుండా మింగేస్తుంది. కిట్‌లో వచ్చేది సింగిల్ మాస్. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉంచితే గేర్ల చప్పుడు వినిపిస్తుంది, పెడల్ నొక్కితే ఆగుతుంది. అది లోపం కాదు, స్వభావం. ఈ సంగతి బిగించాక చెబితే సాకులా ఉంటుంది, ముందే చెబితే సమాచారం. ఆయన సరేనన్నారు.

బిగింపు, హైడ్రాలిక్స్

మంచి క్లచ్ చెడ్డపేరు తెచ్చుకునేది ఎక్కువగా ఇక్కడే. రెండు ప్లేట్లు విడిపోవాలంటే నాలుగు ముఖాల దగ్గరా ఖాళీ రావాలి. కాబట్టి ప్రెజర్ ప్లేట్ సింగిల్ కంటే ఎక్కువ దూరం లేవాలి. అంటే రిలీజ్ బేరింగ్‌ను తోసే స్లేవ్ సిలిండర్ ఎక్కువ జరగాలి, దానికి ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి. నొక్కే బలం తగ్గడం వల్ల వచ్చిన లాభంలో కొంత భాగం ఇలా ఖర్చవుతుంది. అందుకే ట్విన్ వేస్తే పెడల్ 42 శాతం తేలికవుతుందని ఎవరికీ చెప్పను.

ఇందులో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ, రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉంటుంది. అది లోపల ఉండిపోయే భాగం కాబట్టి పాతది ఎంత బాగున్నా కొత్తది వేస్తాను. గేర్‌బాక్స్ ఎక్కించే ముందు రెండు కొలతలు తీయాలి: ఇంజిన్ బ్లాక్ ముఖం నుంచి డయాఫ్రమ్ వేళ్ల (ప్రెజర్ ప్లేట్ స్ప్రింగు కొసల) వరకు, బెల్ హౌసింగ్ ముఖం నుంచి పూర్తిగా నొక్కిన బేరింగ్ వరకు. వాటి తేడాయే ఖాళీ. ఈ కిట్‌కు అది 4 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మాకు ఎక్కువ వచ్చింది. స్లేవ్ కింద షిమ్ (పలచటి రేకు) వేసి సరిచేశాం. ఈ ఖాళీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. మరీ తక్కువైతే లైనింగ్ అరిగేకొద్దీ వేళ్లు వెనక్కి వచ్చి బేరింగ్‌ను తాకుతాయి, క్లచ్ తనంతట తానే జారడం మొదలుపెడుతుంది.

పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసేది) కొత్తది. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి, అడ్డదిడ్డంగా మూడు విడతల్లో 20, 50, 100 న్యూటన్ మీటర్లకు. కొత్త ఫ్లైవీల్ మీద తుప్పు పట్టకుండా పూసే నూనెను బ్రేక్ క్లీనర్‌తో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. స్ప్లైన్ల (ప్లేట్ జరిగే షాఫ్ట్ పళ్ల) మీద గ్రీజు పలచగా పూసి, ప్లేట్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, బయటికి వచ్చిన గ్రీజు తుడిచేయాలి. వదిలేస్తే అది ఎగిరి లైనింగ్ మీదే పడుతుంది.

క్లచ్ ఫ్లూయిడ్ పైపుల్లో గాలి తీశాక కారు స్టార్ట్ చేస్తే అన్నీ బాగున్నాయి, రివర్స్ తప్ప. చల్లగా ఉన్నప్పుడు రివర్స్ వేస్తే సన్నగా గీరుకున్న శబ్దం. ఇలాంటప్పుడు చాలామంది మళ్లీ గాలి తీస్తూ కూర్చుంటారు. పెడల్ గట్టిగానే ఉంది, అంటే గాలి లేదు. స్లేవ్ జరిగిన దూరం కొలిస్తే కిట్ అడిగినదానికి కాస్త తక్కువ వస్తోంది. పెడల్ నొక్కితే ఫ్లూయిడ్ పంపే కంపెనీ మాస్టర్ సిలిండర్ ఇవ్వగలిగింది అంతే. రెండు దారులున్నాయి. పెద్ద బోర్ (లోపలి వ్యాసం) మాస్టర్ వేయడం ఒకటి: 19.05 మిల్లీమీటర్ల నుంచి 22.2కి వెళ్తే ఫ్లూయిడ్ సుమారు 36 శాతం పెరుగుతుంది, పెడల్ బరువు కూడా అంతే పెరుగుతుంది. రెండోది, అదే 19.05 బోర్‌తో, పుష్‌రాడ్ పొడవు సర్దుబాటు చేసుకునే మాస్టర్. మాకు కావాల్సిన తేడా చిన్నదే కాబట్టి రెండోది వేశాం. పుష్‌రాడ్‌ను కొంచెం కొంచెంగా పొడిగిస్తూ, రివర్స్ నిశ్శబ్దంగా పడేచోట ఆపాం. అక్కడితో ఆపడం ముఖ్యం. ఇంకా పొడిగిస్తే డయాఫ్రమ్ అవసరానికి మించి వంగి పాడవుతుంది. పెడల్ పైన ఉన్నప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, లేకపోతే వేడికి ఉబ్బిన ఫ్లూయిడ్ ట్యాంకులోకి తిరిగి వెళ్లలేక క్లచ్‌ను తానే నొక్కేస్తుంది.

అలవాటు కావడం, తర్వాత

మొదటి 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు, ఊళ్లో ఆగుతూ కదులుతూ నడపమన్నాను, ఫుల్ థ్రాటిల్ లేకుండా. హైవే దూరం లెక్కలోకి రాదు. క్లచ్ కలిసి ఉన్నప్పుడు లైనింగ్‌కు ఏ పనీ ఉండదు, గేరు మార్చినప్పుడూ కదిలేటప్పుడే ముఖాలు ఒకదానికొకటి అలవాటు పడతాయి. మొదట్లో చల్లటి ఉదయాల్లో చిన్న వణుకు ఉండేదని చెప్పారు. నడిచేకొద్దీ పోయింది.

ఆ తర్వాత మళ్లీ డైనో, మళ్లీ లాగ్. నాలుగో గేరులో కింది నుంచి పైదాకా ఆర్‌పీఎం, వేగం ఒకే నిష్పత్తిలో ఉన్నాయి, 150 దగ్గర 3,770 అటూ ఇటూగా. రోడ్డు మీద పెడల్ కంపెనీ దానికంటే ఒక పిసరు బరువు, సెరామిక్ దానికంటే చాలా తేలిక. వాళ్ల ఆవిడ నడిపి చూశారు. ఒక్కసారి కూడా ఆగిపోలేదు, అద్దం వణకలేదు. న్యూట్రల్‌లో గేర్ల చప్పుడు మాత్రం ఉంది, చెప్పినట్టే.

ట్యూనర్‌తో మాట్లాడి ఇంకొకటి చేయించాను. ఐదు, ఆరు గేర్లలో 2,000 ఆర్‌పీఎం లోపు ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా టార్క్ నెమ్మదిగా పెరిగేలా పెట్టారు. నడిపేవారికి తేడా తెలియదు, క్లచ్ హబ్ స్ప్రింగులకూ గేర్‌బాక్స్‌కూ తెలుస్తుంది.

ట్విన్ ప్లేట్‌కు ఒక బలహీనత ఉంది, అది ఆయనకు కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఇంజిన్ వేగం నిలకడగా ఉంచి క్లచ్ వదిలితే, పూర్తిగా కలిసేలోపు కారు ఎంత గతిశక్తి పొందుతుందో దాదాపు అంత శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. 1,200 ఆర్‌పీఎం దగ్గర కలిస్తే ఈ కారు గంటకు 16 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది, వేడి సుమారు 17 కిలోజౌల్స్. 3,500 దగ్గర నుంచి లాంచ్ చేస్తే (ఆగి ఉన్న కారును ఒక్కసారిగా దూకిస్తే) సుమారు 150. ఆర్‌పీఎం మూడు రెట్లు కూడా పెరగలేదు, వేడి ఎనిమిది రెట్లు దాటింది. ఆ వేడిలో ఫ్లైవీల్ తన వాటాను బరువైన లోహంలోకి పంచుకుంటుంది. ఫ్లోటర్ ప్లేట్‌కు రెండు వైపులా రాపిడే, బరువు తక్కువ, వేడి పోయే దారీ తక్కువ. అందుకే వాలు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌లో కారును ఆపి ఉంచితే ముందుగా వంగేది అదే. ఒక లాంచ్ చేశాక వెంటనే ఇంకొకటి చేయొద్దన్నాను. వాసన వస్తే, కారును కదలకుండా నిలబెట్టడం కంటే క్లచ్ పూర్తిగా కలిపి నిదానంగా నడుపుతూ చల్లార్చమన్నాను.

ఇదే కారుకు సూపర్‌ఛార్జర్ లేకుండా, ఎగ్జాస్ట్, క్యామ్ షాఫ్ట్ మార్పులతో ఇంజిన్ దగ్గర 600 న్యూటన్ మీటర్లు దాటని టార్క్ ఉండి ఉంటే ట్విన్ వేసేవాడిని కాదు. కార్వెట్ జెడ్06లో 7 లీటర్ల ఎల్ఎస్7 ఇంజిన్‌తో వచ్చిన ఆర్గానిక్ సింగిల్ ప్లేట్ తరహా క్లచ్ ఆ టార్క్‌ను హాయిగా మోస్తుంది, పుష్‌రాడ్ సర్దుబాట్ల పని లేకుండా. అదే టార్క్ 1,100 దాటి, కారు ఎక్కువగా ట్రాక్ మీదే తిరిగేదైతే ఇదే కిట్‌లో ప్లేట్లు మాత్రం వేరేవి అడిగేవాడిని. అప్పుడు కూడా మొదటి ప్రశ్న మారదు: డైనో కాగితం తీసి, టార్క్ ఎంత, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర అని అడుగుతాను.